పనస పలక మీద నా చేతి బరువు

పలక మళ్ళీ ఊగింది.

మిషను ఆపి, దాని ఇనప పీట మీదే పలకను పరిచి ఒక మూల వేలితో నొక్కాను. టక్కుమంది. ఎదురు మూల నొక్కాను. అదీ టక్కుమంది. పొద్దున్నుంచీ ఇదే టక్కు. వంటింట్లోంచి మా ఆవిడ “ఇంకా ఊగుతుందాండీ?” అని అడిగింది. వినబడుతూనే ఉందిగా, మళ్ళీ అడగడం ఎందుకు? పలకను తిప్పి మళ్ళీ నొక్కాను. నోరు తెరిస్తే పలక మీది కోపం కూడా ఆవిడ మీదే పడుతుందని నాకు తెలుసు.

నేను వడ్రంగిని. రాజోలు దగ్గర కాలవ గట్టున మా ఇల్లు, ఇంటికి ఆనుకుని రేకుల షెడ్డు. ఈ చుట్టుపక్కల తలుపులు, మంచాలు చాలావాటి మీద నా చిత్రిక నడిచింది. చిత్రిక అడుగున బ్లేడు ఉంటుంది, పైన మన బరువు ఉంటుంది. నాకు పని నేర్పిన పడవల మేస్త్రి గారు రోజంతా ఒకటే మాట అనేవారు, “బరువు దించవయ్యా, బరువు దించు” అని. దించాను. ముప్పయ్యేళ్ళు దించాను. భుజం కీలు అరిగిపోయి, ఇంక చిత్రిక పట్టొద్దని డాక్టరు గారు అన్నాక, సెకండ్ హ్యాండ్‌లో ఈ ప్లానర్ మిషను తెచ్చుకున్నాను. ఇంక పని హాయి అని అందరూ అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కడూ దాని మీద పలక తోసినవాడు కాడు.

మిషను చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. వరసగా రెండు ఇనప పీటలు, మధ్యలో సన్నటి సందు, ఆ సందులో గిర్రున తిరిగే రోలరు, దానికి బ్లేడ్లు. ఇవతలి పీట అవతలి పీట కన్నా వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. పలకను ఇవతలి పీట మీద పెట్టి తోస్తే, బ్లేడు అడుగు నుంచి కాస్త గీరుతుంది, గీరిన మేర అవతలి పీట మీదికి ఎక్కుతుంది. అంతే దాని విద్య. వంకర పలకను సాపు చెయ్యాలంటే దీని మీదే చెయ్యాలి. అడుగు ఒక్కసారి సాపైతే, తక్కిన మూడు వైపులూ దాన్ని బట్టి వచ్చేస్తాయి. అడుగు సాపు కాకపోతే ఏదీ రాదు. నాకు ఆ మొదటి అడుగే రావడం లేదు.

వేరే పలకైతే విసిరేసి ఇంకోటి తీసుకునేవాణ్ణి. ఇది మా అమ్మ పనస చెట్టు.

మా పేటలో చర్చి కట్టకముందు ప్రార్థన మా దొడ్లో ఆ పనస చెట్టు కిందే జరిగేది. కొబ్బరి చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళు. పోయిన ఏడాది గాలివానకి చెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. అదే రోజుల్లో చర్చిలో బల్లకి చెద పట్టిందని తెలిసింది. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్లారాధన మాకు పెద్ద ఆరాధన. ఆ రోజు చిన్న చిన్న గ్లాసుల్లో అంచుదాకా రసం పోసి, ట్రేలలో ఈ బల్ల మీదే పెడతారు. అమ్మ పడిపోయిన మాను మీద కూర్చుని చెప్పింది.

“చెట్టు కింద కూచుని ప్రార్థన చేసుకున్నాం గదా. ఇప్పుడు చెట్టునే లోపలికి తీసుకెళ్దాంరా అబ్బాయ్. వేరే కర్ర ఒక్క ముక్క కలపొద్దు.”

సరేనన్నాను. అనడానికేం, నోరే కదా. మాను మధ్యలో డొల్ల. కోత మిల్లులో అంతా పోను మంచి పలకలు మూడే వచ్చాయి, అంగుళంన్నర మందంలో. మూడూ పక్కపక్కన అతికిస్తే బల్ల పైభాగానికి సరిగ్గా సరిపోతాయి, మిగలదు. కాళ్ళకి కొమ్మలున్నాయి. పలకల్ని నీడలో, మధ్యన బద్దలు పెట్టి ఆరబెట్టాను. మా గోదావరి లంక గాలికి కర్ర ఆరుతుందో నానుతుందో తెలియదు. తీసి చూస్తే మూడూ మెలి తిరిగి ఉన్నాయి, పిండేసిన తువ్వాలులా.

మందం సంగతి ఎందుకు చెబుతున్నానంటే, మా చర్చిలో మోకరించేవాళ్ళు పట్టుకోవడానికి కటకటాలు గట్రా ఏమీ లేవు. బల్ల ముందు చాప పరుస్తారు, దాని మీదే మోకరిస్తారు. అమ్మకి మోకాళ్ళు పోయి చాలా కాలమైంది. లేచేటప్పుడు పాత బల్లని రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళంతా దాని మీద వేసి లేచేది. బల్ల కిర్రుమనేది. అమ్మ లేచిందని చర్చి మొత్తానికి తెలిసేది. తక్కిన ముసలాళ్ళూ అంతే. అందుకని కొత్త బల్ల దిట్టంగా ఉండాలి. పలక సాపు చెయ్యడానికి కొంత పోయినా, అంగుళం పైన మిగలాలని నేను లెక్క వేసుకున్నాను.

కానీ ఊగిన ప్రతిసారీ మళ్ళీ గీరాలి. గీరిన ప్రతిసారీ మందం తగ్గుతుంది. సాపు మాత్రం రాదు.

తెలియక కాదు, అదే నా కడుపుమంట. రెండో రోజుకే సంగతి బోధపడింది. చిత్రిక బ్లేడు చెక్కకి పైన ఉంటుంది, మనం నొక్కితే చెక్కలోకి దిగుతుంది. ఈ మిషను బ్లేడు చెక్కకి కింద ఉంది. మనం పై నుంచి నొక్కితే బ్లేడుకి ఏమీ కాదు, పలకే వంగుతుంది. వంగి పీటకి బల్లిలా అతుక్కుంటుంది. అప్పుడది సాపుగా ఉన్నట్టే కదా మరి, బ్లేడు ఒక మూల నుంచి ఇంకో మూలదాకా సమంగా గీరేస్తుంది. అవతలికి వెళ్ళాక చెయ్యి తీస్తే, పలక ఊపిరి పీల్చుకుని మళ్ళీ తన వంకర తనకి తెచ్చుకుంటుంది. అంటే నేను పలకను సాపు చెయ్యడం లేదు. వంకర పలకను పల్చటి వంకర పలకగా మారుస్తున్నాను.

ఇదంతా నాకు తెలుసు. ఫోనులో వీడియోలు కూడా చూశాను. ఎవరో తెల్లాయన, ఏమంటున్నాడో ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ చేతులు కనబడ్డాయి. గుంటగా ఉన్న వైపు కిందికి పెట్టాడు, రెండు చివర్లూ పీటకి ఆనేలా. చెక్కపట్లతో, అంటే పిడి ఉన్న చెక్కముక్కలతో, పలకను పట్టుకున్నాడు, పట్టుకున్నట్టే లేదు. ముందుకి తోశాడు తప్ప కిందికి నొక్కలేదు. పలక మొదలు అవతలి పీట మీదికి జానెడు వెళ్ళాక, ఎడమ చెయ్యి అక్కడికి మార్చి అక్కడే ఆనించాడు. తర్వాత కుడి చెయ్యీ అటే. వేలు బ్లేడు మీదుగా పోనే లేదు. మెలి తిరిగిన పలకైతే, ఎత్తుగా ఉన్న రెండు మూలలూ సమంగా తెగేలా, ఏ పక్కకీ ఒరగనీయకుండా నిలబెట్టి తోశాడు. చూస్తుంటే నిద్రొచ్చేంత సులువుగా ఉంది.

నేను వెళ్ళి స్విచ్చి వేశాను. గుయ్యిమంది. ఈసారి నొక్కను, నొక్కను అని నాకు నేనే చెప్పుకుంటూ పలక తోశాను. బ్లేడు చెక్కని తాకగానే చిన్న అదురు వస్తుంది. ఆ అదురు అరచేతికి తెలిసీ తెలియగానే నా భుజం దానంతటది ముందుకి ఒరుగుతుంది, మోచెయ్యి బిగుస్తుంది, నా ఒళ్ళు మొత్తం వెళ్ళి పలక మీద కూర్చుంటుంది. నన్ను అడగదు. నాకు తెలిసేసరికి పలక అవతలికి వెళ్ళిపోయి ఉంటుంది. తీసి నొక్కి చూస్తే టక్కు.

“మీ చేత్తో రేకు తియ్యమంటే కుండ పగిలిపోద్దండీ,” అంది మా ఆవిడ, టీ తెచ్చి గుమ్మంలో నిలబడి. ఆవిడది ఆత్రేయపురం వైపు. బోర్లించిన వేడి కుండ మీద పిండిగుడ్డ అలా ఆనించి ఇలా తీసి, పూతరేకుల రేకు దించుతూ పెరిగిన మనిషి.

“ఇది రేకు కాదు, పలక,” అన్నాను.

“ఆయ్. ఇలాగే ఇంకో నాలుగు రోజులు తోశారంటే రేకే అవుద్ది లెండి.”

టీ చల్లారిపోయింది గానీ నేను తాగలేదు. ఆవిడ అన్నది అబద్ధమైతే తాగేవాణ్ణే.

ఆ పూట మధ్యాహ్నం చర్చి అయ్యగారు వచ్చారు. ఈస్టరు ఆదివారం కొత్త బల్ల ప్రతిష్ఠ అని అప్పటికే అందరికీ చెప్పేశారట. ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టలాదివారం అప్పటికే దాటిపోయింది. ఆయన పలకను తట్టి చూసి, ఊగడం చూసి, గొంతు తగ్గించి అన్నారు.

“పోనీ ఒక పలక టేకుది వేసేద్దురూ మేస్త్రి గారూ. పైన గుడ్డ పరుస్తాం గదండీ. ఎవరికి తెలుస్తుంది?”

“మా అమ్మకి తెలుస్తుందండీ,” అన్నాను. పనస కర్ర పసుపుపచ్చగా ఉంటుంది. గుడ్డ ఉతకడానికి తీసేది, మళ్ళీ పరిచేది మా అమ్మే. అయినా నాకు తెలిస్తే చాలదూ? ఆయన మంచివారే, కాదనను. కానీ ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే ఆ ఆలోచన ఆయన కంటే ముందు నాకే వచ్చింది.

ఇంకోటి ఉంది. అమ్మ రోజూ సాయంత్రం షెడ్డులోకి వచ్చి, మిషను కింద పడ్డ పసుపుపచ్చటి పొట్టు చీపురుతో పోగుచేసి, బుట్టలో ఎత్తి, కోళ్ళ గూట్లో పరిచేది. పలక కేసి చూసేది కాదు. ఎంతవరకు వచ్చిందని ఒక్కసారీ అడగలేదు. బుట్ట నిండాక పైన అరచేత్తో అణిచి ఇంకా కాస్త పోసేది. అడిగితే బాగుండునని నాకనిపించేది. అడిగితే కసురుకోవచ్చు, కసురుకున్నాక కాస్త తేలిగ్గా ఉంటుంది.

ఆ వారంలోనే నా కుడి బొటనవేలికి గోరుచుట్టు వచ్చింది. చెక్క పేడు గుచ్చుకున్నట్టుంది, నేను పట్టించుకోలేదు. తెల్లారేసరికి వేలు వంకాయంత అయింది. మా ఆవిడ నిమ్మకాయకి బెజ్జం పెట్టి వేలికి తొడిగేసింది. నిమ్మకాయ వేసుకుని కూర్చున్న మేస్త్రిని చూసి దారిన పోయేవాళ్ళు పలకరించడం మొదలెట్టారు. ఒకాయన సైకిలు ఆపి మరీ “ఏంటండీ, ఊరగాయా?” అన్నాడు. రెండు రోజులు అలాగే కూర్చున్నాను. మూడో రోజు శుభ శుక్రవారం, అందరూ చర్చికి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నిమ్మకాయ పీకి పారేసి షెడ్డులోకి వెళ్ళాను.

“ఆ చేత్తో మిషను ముట్టుకుంటే ఊరుకోనండీ” అని మా ఆవిడ వెళ్తూ వెళ్తూ చెప్పే వెళ్ళింది. నాకు మొండి పట్టింది. రెండో పలక పెట్టాను. దాన్నీ అప్పటికే కొంత పాడుచేసి ఉన్నాను. చెక్కపట్టు మీద కుడి చెయ్యి ఆనిస్తే చాలు, బొటనవేలు లబలబలాడుతోంది. నొక్కడం మాట దేవుడెరుగు, పట్టుకోవడమే గగనం. అరచేతి మొదలుతో మెల్లగా ముందుకి తోశాను. బ్లేడు తాకింది, అదురు వచ్చింది. భుజం ఎప్పటిలాగే ముందుకి ఒరగబోయింది. వేల్లో నిప్పు పడ్డట్టయింది. భుజం వెనక్కి వచ్చేసింది. పలక దాని పాటికది బ్లేడు మీదుగా పోతోంది. ఎత్తుగా ఉన్న మూలల దగ్గర మాత్రమే గీరుతూ, మధ్యలో అసలు తాకకుండా, చప్పుడు మారుతూ. అవతలి పీట మీదికి వెళ్ళాక ఎడమ చెయ్యి అటు ఆనించాను. మళ్ళీ తోశాను, మళ్ళీ. గీరిన మేర ప్రతిసారీ మూలల నుంచి లోపలికి పాకుతూ వచ్చింది. చివరిసారి తోసినప్పుడు మొదలు నుంచి చివరిదాకా ఒకే చప్పుడు వినిపించింది.

మిషను ఆపి పలకను పరిచాను. మూల నొక్కాను. చప్పుడు లేదు. ఎదురు మూల నొక్కాను. లేదు. నాలుగు మూలలూ నొక్కాను.

సంతోషం రావాలి కదా. రాలేదు. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ముప్పయ్యేళ్ళ పనివాణ్ణి, తెలిసిన సంగతే, వేలికి చీము పడితే గాని చేతికి ఎక్కలేదు. ఇదేదో మొదటి పలక పెట్టకముందే రాకూడదా ఈ గోరుచుట్టు? మూలనున్న ఖాళీ డబ్బాని తన్నాను. కాలి బొటనవేలికి కూడా తగిలింది.

మూడో పలక ఆ పూటే సాపైంది. అప్పటిదాకా మిషను ఎక్కించనిది కనక దాదాపు మందమంతా మిగిలింది, చూడముచ్చటగా ఉంది. అప్పుడు మొదటి పలక తీసుకున్నాను, నేను రోజుల తరబడి నొక్కి నొక్కి గీరింది. అదీ ఆఖరికి సాపుగా వచ్చింది. రెండోవైపు కూడా సాపు తీసి మూడింటినీ పక్కపక్కన పెట్టాను. మొదటి పలక ముప్పావు అంగుళం కూడా లేదు.

బల్ల పైభాగం ఒకే మందంలో ఉండాలి. పల్చటి పలకకి మందం అతికించలేం. మందంగా ఉన్నవాటిని దాని దాకా దించాల్సిందే. టేకు వేద్దామా అని ఇంకోసారి అనుకున్నాను, అబద్ధం ఎందుకు. గోడకి ఆనించి ఉన్న టేకు పలకని చాలాసేపు చూశాను. తర్వాత మూడో పలకని, దాని వెనకే రెండోదాన్నీ మిషను మీద పెట్టాను. ఎంత బాగా తోశానో. చెయ్యి ఎక్కడా బిగుసుకోలేదు, భుజం కదల్లేదు, చెక్క పట్టులా సాపుగా వచ్చింది. పని నాకు వచ్చేసింది. వచ్చిన పనితో మా అమ్మ చెట్టులో మంచి కర్రంతా పొట్టు చేసి కింద పోశాను. నా బతుకులో అంత చక్కగా, అంత ఏడుపొచ్చేలా ఏ పనీ చెయ్యలేదు.

అమ్మ చర్చి నుంచి వచ్చి బుట్ట తెచ్చుకుంది. ఆ రోజు బుట్ట సరిపోలేదు. గోనెసంచి తెచ్చుకుంది. దాన్ని నింపి, మూతి ముడేసి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడింది. 

“వేలెలా ఉందిరా?” అంది.

“తగ్గిందమ్మా.”

“ఆఁ,” అని వెళ్ళిపోయింది.

శనివారం బల్ల బిగించాను. అడుగున కొమ్మ కర్రతో అడ్డబద్దలు వేశాను గానీ, అంచు దగ్గర అరచేత్తో నొక్కితే కొంచెం దిగుతున్నట్టే ఉంది. ఆదివారం అయ్యగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠ చేశారు. తెల్ల గుడ్డ పరిచి ట్రేలు పెట్టారు. గ్లాసులన్నిట్లో రసం అంచుకి సమంగా నిలబడింది, ఒక్కదాంట్లోనూ ఓ పక్కకి ఒరగలేదు. సంఘపెద్ద ఒకాయన నా పక్కకి ఒరిగి, “సాపుగా వచ్చిందండీ, కొంచెం పల్చన కాబోలు,” అన్నాడు. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

ముందుగా పెద్దవాళ్ళని పిలిచారు. అమ్మ వెళ్ళి చాప మీద మోకరించింది. రొట్టె తీసుకుంది, గ్లాసు తీసుకుంది, తాగి ట్రేలో పెట్టింది. కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంది. తర్వాత ఎప్పటిలాగే రెండు చేతులూ బల్ల అంచు మీదికి తెచ్చింది. నేను ఆ అంచు కేసే చూస్తున్నాను.

అమ్మ నొక్కలేదు. వేలికొసలు మాత్రం గుడ్డ మీద ఆనించింది. ఒక మోకాలు ముందుకి తెచ్చుకుని, బరువంతా ఆ కాలి మీదే వేసుకుని లేవబోయింది. కాలు వణుకుతోంది. మెడ దగ్గర నరాలు బిగుసుకున్నాయి. వేలికొసలు మాత్రం అలాగే, అంటీ అంటనట్టు ఉన్నాయి. ట్రేలో గ్లాసులు కదల్లేదు. ఎంత పొట్టు పోయిందో రోజూ చేత్తో ఎత్తిన మనిషికి, ఎంత కర్ర మిగిలిందో నేను చెప్పాలా?

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. మగవాళ్ళ వరసలోంచి లేచి గబగబా వెళ్ళి, అమ్మ చంక కింద చెయ్యి వేసి ఒక్కసారి పైకి ఎత్తాను.

“అబ్బా, లాగకురా,” అంది అమ్మ నెమ్మదిగా. “ఊరికే చెయ్యి ఆనించి ఉంచు. నేను లేస్తాను.”

ఆనించాను. లేచింది.